ది ఆర్డినరీ నియాసినమైడ్ 10% + జింక్ 1% సీరమ్ రివ్యూ: అంకె పెద్దది, అవసరం అందులో సగం

ముఖానికి సీరమ్ వాడదామని కొత్తగా అనుకున్నవాళ్ళ చేతికి తరచుగా వచ్చే సీసాల్లో ఇదొకటి. టొరంటోకి చెందిన డెసియమ్ కంపెనీ 2016లో ది ఆర్డినరీ బ్రాండు మొదలుపెట్టినప్పుడు, లోపల ఏ పదార్థం ఎంత శాతం ఉందో సీసా ముందువైపే రాసి చవగ్గా అమ్మింది. అంతకుముందు సీరమ్ అంటే చాలామందికి మాల్‌లో గాజు కౌంటర్ వెనక ఉండే ఖరీదైన వస్తువు. ఇవాళ మన దేశపు స్కిన్‌కేర్ బ్రాండ్లలో చాలావాటికి ఒక 10% నియాసినమైడ్ సీసా ఉంది. అందుకే ఇక్కడ చెప్పేదాంట్లో చాలా భాగం వాటికీ వర్తిస్తుంది.

తీర్పు ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకి సుఖం. జిడ్డు చర్మం ఉండి, మొటిమలు మానాక నల్ల మచ్చలు మిగిలిపోయేవాళ్ళకి ఇది పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది. పొడి చర్మం, ఊరికే ఎర్రబడే చర్మం ఉన్నవాళ్ళకి 10 శాతం అనవసరం, 5 శాతం సీసా వెతుక్కోవడం మేలు. మంగు మచ్చలకి దీన్నొక్కదాన్నే నమ్ముకుంటే సీసా అయిపోతుంది గానీ మచ్చ అక్కడే ఉంటుంది.

నియాసినమైడ్ అంటే విటమిన్ బి3లో ఒక రూపం. చర్మం రంగుకి కారణమైన మెలనిన్ లోపలి కణాల్లో తయారై పై కణాలకి చేరుతుంది. నియాసినమైడ్ ఆ తయారీని ఆపదు, చేరవేతను తగ్గిస్తుంది. 2002లో వచ్చిన పరిశోధనలో, ల్యాబులో పెంచిన కణాల మీద ఈ చేరవేత 35 నుంచి 68 శాతం దాకా తగ్గిందని చూపించారు. దీన్ని బట్టే దీని పరిమితి కూడా తెలుస్తుంది. రాసుకోవడం మానేస్తే చేరవేత మళ్ళీ మొదలవుతుంది. ఉన్న రంగుని కడిగేసే వస్తువు కాదు కాబట్టి "తెల్లబడతారా" అన్న ప్రశ్నకి జవాబు "తెల్లబడరు" అనే. మచ్చకీ చుట్టూ ఉన్న చర్మానికీ మధ్య తేడా తగ్గుతుంది, అంతే.

ఇక అసలు సంగతి, శాతం. ఈ పదార్థం మీద బాగా పేరున్న పరీక్షల్లో వాడిన మోతాదులు చూడండి. 1995లో మొటిమల మీద చేసిన పరీక్షలో 4 శాతం జెల్‌ని రోజుకి రెండుసార్లు 8 వారాలు వాడించి, మొటిమలకి రాసే యాంటీబయోటిక్ అయిన 1 శాతం క్లిండామైసిన్ జెల్‌తో పోలిస్తే ఫలితం దాదాపు సమానంగా వచ్చింది. 2005లో వచ్చిన పరీక్షలో 5 శాతం క్రీమ్‌ని 12 వారాలు వాడితే మచ్చలు, సన్నని గీతలు, ఎర్రదనం తగ్గాయి. 2006లో 2 శాతంతోనే ముఖం మీద జిడ్డు తగ్గడం జపాన్ వాళ్ళ మీద రెండు, నాలుగు వారాలకే కనిపించింది. 2011లో మంగు మచ్చల మీద ముఖానికి ఒకవైపు 4 శాతం నియాసినమైడ్, రెండోవైపు మచ్చలకి డాక్టర్లు రాసే మందు 4 శాతం హైడ్రోక్వినోన్ రాయించి 8 వారాలకి పోల్చారు. బాగా మెరుగు కనిపించినవాళ్ళు నియాసినమైడ్ వైపు 44 శాతం, హైడ్రోక్వినోన్ వైపు 55 శాతం.

అన్నీ 2 నుంచి 5 శాతం లోపే. మరి 10 ఎందుకంటే, అంకె పెద్దగా ఉంటే సీసా త్వరగా అమ్ముడవుతుంది. 5 శాతం పక్కన 10 శాతం పెడితే జనం చేయి దేనివైపు వెళ్తుందో కొట్టువాడికి తెలుసు. రెట్టింపు శాతానికి రెట్టింపు ఫలితం రాదు, చురుక్కుమనే అవకాశం మాత్రం పెరుగుతుంది. ఈ సీసాకున్న పెద్ద లోపం అదే. అయితే దాన్ని ఇంట్లోనే సరిచేసుకోవచ్చు, ఎలాగో కింద వస్తుంది.

లేబుల్ మీద ఏముంది

పెట్టె వెనక రాసిన పదార్థాలు పదకొండే. నీళ్ళు, నియాసినమైడ్, పెంటిలీన్ గ్లైకాల్, జింక్ పీసీఏ, డైమిథైల్ ఐసోసార్బైడ్, చింతగింజల జిగురు, జాంథాన్ గమ్, ఐసోసెటెత్-20, ఎథాక్సీడైగ్లైకాల్, ఫినాక్సీఇథనాల్, క్లోర్‌ఫెనెసిన్. పేర్లు చూసి కంగారు పడక్కర్లేదు. ఈ జాబితా ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని వరకూ వరసగా రాస్తారు, ఒక శాతం లోపున్నవాటిని మాత్రం ఎటు తిప్పి రాసినా తప్పు కాదు. జింక్ పీసీఏ ఒక శాతమని సీసా మీదే ఉంది. అంటే దాని తర్వాత వచ్చినవన్నీ ఒక శాతం, లేదా అంతకన్నా తక్కువ. నీళ్ళు, నియాసినమైడ్, కొంచెం గ్లైకాల్ కలిస్తే ఇందులో ఉన్న సరుకు దాదాపు అయిపోయినట్టే.

ఈ కిటుకు ఏ సీరమ్‌కైనా పనికొస్తుంది. నిలవకోసం వేసే ఫినాక్సీఇథనాల్‌ని ఒక శాతం మించి వేయరు. జాబితాలో దాని పేరు తర్వాత "కుంకుమపువ్వు సారం", "బంగారు భస్మం" లాంటివి కనిపిస్తే, అవి చర్మం కోసం కాక పెట్టె మీద బొమ్మ కోసం వేసినవని అనుకోవచ్చు.

చింతగింజల జిగురు మనకి తెలిసిన సరుకే, ఇక్కడ దాని పని సీరమ్‌కి చిక్కదనం ఇవ్వడం. జాంథాన్ గమ్ కూడా అందుకే. ఈ రెండు జిగుర్లనీ గుర్తుపెట్టుకోండి, ఈ సీరమ్ మీద ఎక్కువగా వినపడే ఫిర్యాదులో వీటికి పాత్ర ఉంది. ఐసోసెటెత్-20 నురగనిచ్చే జాతి పదార్థం. ఎక్కువ పోసుకుని గట్టిగా రుద్దితే ముఖం మీద తెల్లటి నురగ కనిపించడానికి కారణం ఇదే. సీసా పాడైపోయిందనుకోవద్దు.

లేనివి కూడా చూడాలి. సువాసన లేదు, రంగు లేదు, నూనె లేదు, సిలికోన్ లేదు. ఇవి దీని మంచి గుణాలు. గ్లిజరిన్ లేదు, సెరమైడ్ లాంటి చర్మపు కొవ్వులూ లేవు. అందుకే ఇది మాయిశ్చరైజర్ పని చేయదు. "సీరమ్ రాస్తున్నా కదా, ఇంక క్రీమ్ ఎందుకు" అని వదిలేస్తే పొడి చర్మం వాళ్ళకి వారం తిరక్కముందే బుగ్గలు బిగుసుకుంటాయి. జింక్ పీసీఏ జిడ్డు తగ్గిస్తుందని వేశారు. దాని వెనక ఉన్న ఆధారం నియాసినమైడ్‌కి ఉన్నంత గట్టిది కాదు. ఉంటే నష్టం లేదు, దానికోసమని కొనక్కర్లేదు.

ఎంత రాయాలి, ఎప్పుడు రాయాలి

డ్రాపర్‌తో పడే ఒక చుక్క సుమారు 0.05 మి.లీ. ఉంటుంది. 30 మి.లీ. సీసాలో దాదాపు 600 చుక్కలు. ముఖం మొత్తానికి మూడు, నాలుగు చుక్కలు చాలు. రోజుకి రెండు పూటలా వాడితే సీసా రెండున్నర నుంచి మూడు నెలలు రావాలి. నెలకే అయిపోతుందంటే పూటకి డ్రాపర్‌లో సగానికి పైగా పిండుతున్నట్టు లెక్క. చర్మం పీల్చుకోగా మిగిలింది పైన జిగురుగా నిలుస్తుంది, ఆ తర్వాత రాసే సన్‌స్క్రీన్‌ని చెడగొడుతుంది.

మొదలుపెట్టే ముందు మోచేతి లోపలివైపు రూపాయి బిళ్ళంత చోట రోజుకి రెండుసార్లు చొప్పున ఏడు నుంచి పది రోజులు రాసి చూడాలి. ఒక్కరోజు రాసి ఏమీ కాలేదని వదిలేస్తే లాభం లేదు, అలర్జీ బయటపడడానికి రోజులు పడుతుంది. దురద, ఎరుపు, పొక్కులు లేకపోతే ముఖం మీదకి రండి.

మొదటి వారం రోజు మార్చి రోజు రాత్రి, రెండే చుక్కలు. రెండో వారం నుంచి రోజూ రాత్రి. అదీ సరిపడితే మూడో వారంలో పొద్దున కూడా. ఈ నిదానం చాదస్తంలా అనిపిస్తుంది గానీ 10 శాతంతో ఇబ్బంది పడేవాళ్ళలో చాలామంది మొదటిరోజు నుంచే రెండు పూటలా, డ్రాపర్ నిండుగా రాసేవాళ్ళే.

రాసే పద్ధతి ఇది. నురగ తక్కువ వచ్చే ఫేస్‌వాష్‌తో కడిగి, తువ్వాలుతో రుద్దకుండా అద్దాలి. చుక్కల్ని అరచేతిలో వేసుకోవాలి. డ్రాపర్ కొన బుగ్గకి ఆనించి వదిలితే ముఖం మీది జిడ్డూ మురికీ సీసాలోకి వెళ్తాయి. వీడియోల్లో చూడ్డానికి బాగుంటుంది, సీసాకి మంచిది కాదు. రెండు చేతుల వేళ్ళకీ పంచుకుని నుదురు, బుగ్గలు, గడ్డం మీద అద్ది, ఒకే దిశలో పలచగా లాగాలి. కంటి కింద ఎముక దాటి లోపలికి వద్దు, ముక్కు పక్క మడతల్లో పేరుకోనివ్వద్దు. ఒకటి రెండు నిమిషాల్లో చేతికి అంటుకునే తడి పోతుంది. అప్పుడు మాయిశ్చరైజర్, పగలైతే ఆపైన సన్‌స్క్రీన్. నీళ్ళలా ఉన్నది ముందు, చిక్కగా ఉన్నది తర్వాత అన్నది గుర్తుంటే వరస తప్పదు.

హయలురానిక్ యాసిడ్ సీరమ్‌ని తడి ముఖం మీద రాయమంటారు. దీనికి ఆ అవసరం లేదు. చర్మం సున్నితంగా ఉన్నవాళ్ళు ముఖం పూర్తిగా ఆరాక రాస్తే చురుకు తక్కువగా ఉంటుంది.

శాతం తగ్గించుకోవడం గురించి చెప్తామన్నాం. అరచేతిలో రెండు చుక్కల సీరమ్ వేసి, అంతే పరిమాణంలో సువాసన లేని మాయిశ్చరైజర్ కలిపి వెంటనే రాసుకుంటే 5 శాతం దగ్గరికి వస్తుంది. ఏ పూటకి ఆ పూటే కలుపుకోవాలి. డబ్బాలో కలిపి పెట్టుకుంటే నిలవకోసం వేసిన పదార్థాల లెక్క తప్పుతుంది. సన్‌స్క్రీన్‌లో మాత్రం ఎప్పుడూ కలపకండి. సన్‌స్క్రీన్ ముఖం మీద సమానమైన పొరగా ఆరాలి. మరోటి కలిస్తే పొరలో ఖాళీలు వస్తాయి, డబ్బా మీద ఎస్‌పీఎఫ్ 50 అని ఉన్నా అంత రక్షణ అందదు.

ఉండలు కట్టడం

ఈ సీరమ్ మీద వచ్చే ఫిర్యాదుల్లో ముందుండేది ఇదే. రాసి, పైన సన్‌స్క్రీన్ రుద్దగానే నలుగు రాలినట్టు ముఖం మీద నుంచి సన్నటి ఉండలు రాలతాయి. జనం దాన్ని మృతకణాలు ఊడిపోతున్నాయని సంబరపడతారు కూడా. అది చర్మం కాదు. చింతగింజల జిగురు, జాంథాన్ గమ్ ఆరి పలచని పొరగా ఏర్పడతాయి. ఆ పొర మీద సిలికోన్ ఎక్కువున్న సన్‌స్క్రీన్ గానీ, మేకప్‌కి ముందు రాసే ప్రైమర్ గానీ పెట్టి రుద్దితే రెండూ అతుక్కోక ఉండలు చుట్టుకుంటాయి. వాటితో పాటు సన్‌స్క్రీన్ కూడా రాలిపోతుంది, అసలు నష్టం అక్కడే.

పరీక్ష తేలిక. ముంజేతి మీద ఒక చుక్క సీరమ్ రాసి, రెండు నిమిషాలాగి, మీరు వాడే సన్‌స్క్రీన్ పైన రాసి పదిసార్లు రుద్దండి. అక్కడ ఉండలు కడితే ముఖం మీదా కడతాయి. అప్పుడు చుక్కలు తగ్గించి, పూర్తిగా ఆరనిచ్చి, సన్‌స్క్రీన్‌ని రుద్దకుండా అద్దుతూ పెట్టి చూడండి. అయినా ఆగకపోతే సీరమ్‌ని రాత్రికి మార్చేయడమే. నియాసినమైడ్‌కి ఎండతో గొడవ లేదు, పగలే రాయాలన్న నియమమూ లేదు. సీరమ్ కోసం సన్‌స్క్రీన్‌ని వదులుకోవడం మాత్రం తెలివితక్కువ బేరం, ఎందుకంటే ఎండ కొత్త మచ్చల్ని పెడుతూనే ఉంటుంది.

వేటితో కలుస్తుంది

విటమిన్ సి, నియాసినమైడ్ ఒకచోట ఉండకూడదన్న మాట ఇంకా తిరుగుతోంది. బాగా పుల్లని ద్రావణంలో, వేడిలో, చాలాకాలం ఉంటే నియాసినమైడ్ కొద్దికొద్దిగా నియాసిన్‌గా మారుతుంది. నియాసిన్‌కి ముఖాన్ని ఎర్రబరిచే గుణం ఉంది, భయానికి మూలం ఇదే. ముఖం మీద కొన్ని నిమిషాల్లో అంత మార్పు జరగదు. అయినా ఆస్కార్బిక్ యాసిడ్ రూపంలో ఉన్న విటమిన్ సి చర్మంలోకి దిగాలంటే పీహెచ్ (పులుపుని కొలిచే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.5 కన్నా తక్కువ ఉండాలి, ఈ సీరమ్ అంత పుల్లనిది కాదు. ఒకదాని మీద ఒకటి వెంటనే రాస్తే విటమిన్ సి పని చేసే వాతావరణం చెడుతుంది. పొద్దున విటమిన్ సి, రాత్రి ఇది. వాదన అక్కడితో తీరిపోతుంది.

2 శాతం సాలిసిలిక్ యాసిడ్‌తో బాగానే కలుస్తుంది. మొటిమలకి డాక్టరు అడాపలీన్ జెల్ రాసిచ్చి ఉంటే రాత్రిపూట ముందు సీరమ్, పది నిమిషాలాగి ముఖం మొత్తానికి బఠాణీ గింజంత అడాపలీన్, ఆపైన మాయిశ్చరైజర్. మొదటి నెల అడాపలీన్ తానే పొట్టు లేపుతుంది, ఆ నెల సీరమ్‌ని పొద్దుటికే పరిమితం చేస్తే చర్మానికి ఊపిరి దొరుకుతుంది.

చాలామంది చూడని చోటు ఇంకోటుంది. మీ మాయిశ్చరైజర్ వెనకా, సన్‌స్క్రీన్ వెనకా పదార్థాలు చదవండి. నియాసినమైడ్ ఇప్పుడు ప్రతిదాంట్లోనూ వేస్తున్నారు. టోనర్‌లో కొంత, సీరమ్‌లో 10, క్రీమ్‌లో ఇంకొంత, సన్‌స్క్రీన్‌లో మరికొంత కలిస్తే చర్మం మండడంలో వింతేమీ లేదు. తప్పు సీరమ్ మీదకి వస్తుంది. క్రీమ్‌లో అది పైనుంచి నాలుగైదు పేర్లలోపే ఉంటే, మీకు విడిగా సీరమ్ అవసరమే లేకపోవచ్చు. ఫేస్‌వాష్‌లో ఉన్నదాన్ని లెక్కలోకి తీసుకోకండి, అది నీళ్ళతో పాటు పోతుంది.

వారానికోసారి తలంటుతో పాటు సున్నిపిండి రుద్దుకునే అలవాటున్నవాళ్ళు ఆ రోజు సీరమ్ మానేయాలి. గరుకు పిండి చర్మం పైపొరని గీకుతుంది, ఆపైన 10 శాతం పడితే భగ్గుమంటుంది. గడ్డం గీసుకున్న వెంటనే రాసినా అంతే. షేవింగ్ పొద్దునైతే సీరమ్ రాత్రికి పెట్టుకోవాలి.

తేడా చేసినప్పుడు

రాసిన మొదటి నిమిషంలో కాస్త చిమచిమ ఉండి తగ్గిపోతే పర్వాలేదు. పావుగంట దాటినా మంట, ఎరుపు ఉంటే కడిగేసి, చర్మం మామూలయ్యేదాకా మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ తప్ప ఏదీ రాయకండి. మళ్ళీ మొదలుపెట్టాలంటే పైన చెప్పినట్టు సగం చేసుకుని రాయాలి. అప్పుడూ మండితే ఈ సీసా మీది కాదు.

కొత్తగా మొటిమలు లేస్తే "లోపలున్నవన్నీ బయటికి వస్తున్నాయి, మంచిదే" అని ఓపిక పట్టమనే సలహా ఒకటి వినిపిస్తుంది. అడాపలీన్, రెటినాల్ లాంటివి కణాల మార్పిడిని వేగం చేస్తాయి కాబట్టి వాటి విషయంలో ఆ మాటకి అర్థం ఉంది. నియాసినమైడ్ ఆ పని చేయదు. దీంతో కొత్త మొటిమలు వస్తున్నాయంటే పడలేదని, లేదా పైన రాసే క్రీమో సన్‌స్క్రీనో రంధ్రాలు మూస్తోందని అర్థం. రెండు మూడు వారాలకి మించి చూడక్కర్లేదు.

మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే "తెల్లబడే" క్రీములు వాడినవాళ్ళు ఇక్కడ ఆగాలి. వాటిలో చాలావాటిలో మొమెటాసోన్ లాంటి స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కలిసి ఉంటాయి. డాక్టరు కొన్ని వారాలకి రాసే మందు అది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, మానేయగానే ఎర్రగా ఉడికిపోతుంది, సన్నని రక్తనాళాలు పైకి కనిపిస్తాయి. అలాంటి ముఖం మీద ఏ సీరమ్ పడినా నిప్పే. ముందు చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళి ఆ క్రీము పేరు దాచకుండా చెప్పాలి, సీరమ్ సంగతి ఆ తర్వాత.

మెడ వెనక, చంకల్లో మఖమల్‌లా మందంగా నల్లబడితే దాని మీదా ఈ సీరమ్ పూస్తుంటారు. అది చాలాసార్లు ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడానికి గుర్తు. సీసా కొనేముందు షుగర్ పరీక్ష చేయించుకోవాలి.

ఎన్నాళ్ళకి ఏం కనిపిస్తుంది

జిడ్డు తగ్గడం నాలుగు వారాల్లోపు తెలుస్తుంది. మధ్యాహ్నానికి ముక్కు మీద మెరుపు మునుపటికన్నా ఆలస్యంగా రావడం దాని గుర్తు. ముఖం మీద రంధ్రాలు మూసుకోవు, వాటికి తెరుచుకుని మూసుకునే కండరమేమీ లేదు. లోపలి జిడ్డు తగ్గితే చిన్నగా కనిపిస్తాయి, అంతవరకే. మొటిమల నల్ల మచ్చలకి 8 నుంచి 12 వారాలు, అదీ సన్‌స్క్రీన్ మానకుండా. వారం వారం అద్దంలో చూస్తే ఏమీ తెలియదు. ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకి, నెలకో ఫొటో తీసుకుంటే తెలుస్తుంది. గుంటలు పడిన మచ్చలకి దీంతో పని లేదు.

చురుగ్గా ఉన్న మొటిమలకి ఇది చికిత్స కాదని బ్రాండు కూడా చెప్తుంది. వాటికి బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ లాంటివి డాక్టరు చూసి ఇవ్వాలి, ఇది పక్కవాద్యం. మంగు మచ్చలకి ఎండలోని అతినీలలోహిత కిరణాలే కాదు, కంటికి కనిపించే వెలుతురు కూడా శత్రువు. తెల్లగా ఉండే మామూలు సన్‌స్క్రీన్ ఆ వెలుతురుని సరిగా ఆపదు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు సన్‌స్క్రీన్ రెండు వేళ్ళ పొడవున తీసుకుని రాస్తేనే సీరమ్‌కి పని చేసే వీలుంటుంది.

మన వాతావరణంలో వాడకం ఊరిని బట్టి మారాలి. విజయవాడ, విశాఖ ఉక్కపోతలో జిడ్డు చర్మం వాళ్ళకి పగలు సీరమ్ మీద జెల్ సన్‌స్క్రీన్ ఒక్కటే చాలు, మధ్యలో క్రీమ్ పెడితే చెమటతో అంతా కళ్ళలోకి దిగుతుంది. హైదరాబాద్ డిసెంబరు, జనవరిల్లో అదే మనిషికి మాయిశ్చరైజర్ లేకుండా కుదరదు. చికాగో, టొరంటోల్లో ఉన్న మనవాళ్ళకి చలికాలంలో ఇంట్లో హీటర్ గాలి చర్మంలో తడిని లాగేస్తుంది. అక్కడ ఒక పూట సీరమ్, దానిపైన సెరమైడ్ ఉన్న చిక్కటి క్రీమ్ అన్నది సరైన లెక్క.

నిలవ విషయంలో దీనితో పెద్ద తలనొప్పి లేదు. విటమిన్ సి సీసాలాగా గాలి తగలగానే గోధుమరంగుకి తిరగదు, ఫ్రిజ్ అక్కర్లేదు. గీజరు ఆవిరి కొట్టే బాత్‌రూమ్ అరలోనూ, రోహిణి కార్తెలో ఎండలో ఆపిన కారులోనూ వదిలేయకుండా బీరువాలో పెడితే చాలు. రంగు, వాసన మారితే పారేయండి.

ధర మన దగ్గర 30 మి.లీ. సీసాకి ఆరేడు వందల రూపాయల దాపులో ఉంటోంది, అమెరికాలో ఆరు డాలర్ల చుట్టూ. మన బ్రాండ్ల 10 శాతం సీసాలూ దాదాపు అదే ధరలో దొరుకుతాయి. అందులో గ్లిజరిన్ లాంటి తేమ పదార్థం కూడా వేసినవి పొడి చర్మానికి దీనికన్నా నయం. విదేశీ పేరని మొగ్గు చూపక్కర్లేదు, సీసాలో ఉన్న 3 గ్రాముల నియాసినమైడ్ ఎవరు పోసినా ఒకటే విటమిన్.

కొనేటప్పుడు పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు, రూపాయల్లో ఎమ్మార్పీ ఉన్నాయో లేదో చూడండి. మన దేశంలో చట్టప్రకారం అమ్మే విదేశీ కాస్మెటిక్స్ మీద ఇవి ఉండి తీరాలి. ఆ చీటీ లేకుండా సగం ధరకి వచ్చే సీసాలో ఏ నీళ్ళున్నాయో ఎవరూ పూచీ పడరు. 60 మి.లీ. సీసా మొదటిసారే తీసుకోకండి. రెండు పూటలా వాడినా అది అయిదు, ఆరు నెలలు వస్తుంది, మీకు పడుతుందో లేదో తేలేది మొదటి నెలలోనే.